ఏ నూనె అయినా సరే

నా చిన్నప్పుడు, అచ్చులో పడ్డ ప్రతి మాటా నిజమేనని నమ్మే వయసులో, పుస్తకం రాసినవాడంటే నాకు దేవుడి తర్వాతి మనిషి. ఆ భ్రమ పదకొండేళ్లు నిండీ నిండకముందే వదిలింది. వదిలించినవాడు మా తాతయ్య. ఆయన చేసిన ఉపకారాల్లో అదే పెద్దదని నా నమ్మకం.

ఆ సంగతి ఇన్నాళ్లకు రాయబుద్ధి పుట్టింది మా తమ్ముడి మనవడి వల్ల. వాడు స్టేషన్ రోడ్డులో రంగుల దుకాణం పెట్టాడు. దుకాణంలో రంగు డబ్బాలకంటే పుస్తకాలు ఎక్కువ. వ్యాపారంలో గెలవడం ఎట్లాగో చెప్పేవి కొన్ని, పాతకాలపు రాజుల చరిత్ర నుంచి నేటి మేనేజర్లు ఏం నేర్చుకోవాలో చెప్పేవి కొన్ని, దుకాణాన్ని ఏ తీరున డిజైన్ చేస్తే గిరాకీ దానంతటదే లోపలికి నడిచొస్తుందో చెప్పేవి ఇంకొన్ని. ప్రతి అట్ట మీదా చేతులు కట్టుకుని నవ్వుతున్న ఒక పెద్దమనిషి. ఆ నవ్వు చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. కళ్లజోడు పెట్టుకుని నాలుగైదు తిరగేశాను. వాళ్లలో ఒక్కడైనా మా రాయచూరు ఎండలో షట్టరు ఎత్తి, బేరమాడే మేస్త్రీతో మాట్లాడి, ఒక్క డబ్బా అమ్మిన జాడ నాకు కనిపించలేదు. అమ్మింది పుస్తకాలే. అవి మాత్రం బాగా అమ్మినట్టున్నారు.

మొన్న వాడు దుకాణం మూసేశాడు. మూసేసి వచ్చి నా మంచం పక్కన కూర్చుని, తల వంచుకుని, "పుస్తకంల అంతా కరెక్టే ఉందవ్వా, నేనే సరిగ్గ చెయ్యలేదు" అన్నాడు. వాడి మీద జాలి తర్వాత కలిగింది, ముందు నాకు కోపం వచ్చింది. ఎందుకంటే సరిగ్గా ఆ మాటే నేను అరవై ఏళ్ల కింద ఒక ఆడమనిషి నోట విన్నాను.

అప్పట్లో తీన్ కందీల్ కూడలి దగ్గర మా తాతయ్యకు పుస్తకాల దుకాణం ఉండేది. పలకలు, బలపాలు, బడిపిల్లల కన్నడ పుస్తకాలు, ఉర్దూ అక్షరాల ఖాయిదాలు, ఓ మూల తెలుగు పుస్తకాలు. మా ఊరు మైసూరు రాష్ట్రంలో కలిశాక తెలుగు పుస్తకం దొరకడమే గగనమైపోయింది. బెజవాడ నుంచి రైలు పార్సిల్ వచ్చిన రోజు మా దుకాణం ముందు తెలుగిళ్ల వాళ్లంతా పోగయ్యేవాళ్లు. కట్టు విప్పుతుంటే వచ్చే కొత్త కాగితం వాసన కోసం నేను బడి ఎగ్గొట్టి మరీ అక్కడ కూర్చునేదాన్ని.

ఆ పార్సిళ్లలో ఎక్కువగా వచ్చేవి ఒక్కాయన పుస్తకాలే. పేరు రాయను, ఆయనకూ మనవలు, మనవరాళ్లు ఉండే ఉంటారు. గ్రంథకర్తగారు అందాం. ఆయనకు తెలియని విషయమంటూ లేదు. ఇళ్ల నమూనాల మీద ఒక పుస్తకం, కోటల చరిత్ర మీద ఒకటి, ఇంటిపట్టున ఉండి చేసుకునే వ్యాపారాల మీద ఒకటి. మూడింటి వెనకా ఒకటే ఫోటో, భుజం మీద జరీ కండువాతో, దూరంగా ఏదో మహత్తరమైనది కనబడుతున్నట్టు చూస్తూ. మూడింటికీ ముందుమాట ఆయనే రాసుకున్నాడు, మూడింట్లోనూ తన అనుభవసారమని చెప్పుకున్నాడు. ఒక మనిషికి అన్ని అనుభవాలు ఎక్కడ దొరికాయో అడగాలని ఎవరికీ తోచలేదు.

ఇళ్ల నమూనాల పుస్తకం చూసి మా బజారులో ఒక పత్తి వ్యాపారి ఇల్లు కట్టాడు. పడమటి గోడ నిండా గాజు కిటికీలు. సముద్రపు గాలి వచ్చే ఊళ్లో అవి బాగుంటాయేమో. మా ఊళ్లో ఆ కిటికీల్లోంచి వచ్చింది వైశాఖమాసపు ఎండ. ఆ వేసవంతా వాళ్ల కుటుంబం పత్తి గోదాములో పడుకుంది. అయినా ఆయన పుస్తకాన్ని తప్పు పట్టలేదు, మేస్త్రీని తిట్టాడు.

కోటల పుస్తకం సంగతి ఇంకా సిగ్గుచేటు, ఎందుకంటే అందులో నా పాత్ర ఉంది. మా కోట గోడలో ఒక పొడవాటి రాయి ఉంది, దాని మీద తెలుగు అక్షరాలు. ఆ రాయిని బండి మీద ఎట్లా లాక్కొచ్చారో కూడా అక్కడే బొమ్మ చెక్కి పెట్టారు. బారుగా దున్నపోతులు, చక్రాల దగ్గర మోకులు పట్టుకుని నెట్టే మనుషులు. పుస్తకంలో మాత్రం గ్రంథకర్తగారు ఆ రాయిని ఏనుగులు మోసుకొచ్చాయని ఒక పేజీ నిండా వర్ణించాడు, ఏనుగుల గంటలతో సహా. నేను పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లి రాయి చూశాను, పేజీ చూశాను, మళ్లీ రాయి చూశాను. చెక్కినవాడికి ఏనుగు బొమ్మ వేయడం రాక దున్నపోతులతో సరిపెట్టుకున్నాడని తేల్చుకుని ఇంటికొచ్చాను. నేను తప్పు పట్టింది రాయిని. అంత తెలివి నాది.

ఇక పక్కింటి అక్క గురించి చెప్పాలి. పాతికేళ్లుంటాయి. భర్త జ్వరంతో పోయి రెండేళ్లయింది, మూడేళ్ల కూతురు. ఏడో తరగతి దాకా తెలుగు చదువుకుంది, అక్షరం గుండ్రంగా రాసేది. కుట్టుమిషన్ మీద రవికెలు కుట్టుకుని బతికేది గానీ బజారులో దర్జీలు ఎక్కువై ఆ పని రోజురోజుకూ తగ్గిపోతోంది. ఆమె బావగారు, అంటే పోయినాయన అన్న, మస్కిలో ఉండేవాడు. వచ్చి తమ ఇంట్లో ఉండమని కబురు మీద కబురు పంపేవాడు. చెడ్డవాడని అనను. కానీ ఆ ఇంటికి పోవడమంటే పన్నెండు మందికి మూడు పూటలా రొట్టెలు తట్టడమని, జీవితాంతం ఎవరి ముందూ నోరెత్తకపోవడమని వీధిలో అందరికీ తెలుసు. అక్కకూ తెలుసు. తన గుమ్మం, తన పొయ్యి, తన కూతురి బడి, ఇవి వదులుకోవడం ఆమెకు ప్రాణం మీదికొచ్చినట్టుండేది.

ఆ పరిస్థితిలో ఆమె మా దుకాణానికి వచ్చి ఇంటిపట్టు వ్యాపారాల పుస్తకం అడిగింది. అందులో సబ్బుల తయారీ ఉందని ఎవరో చెప్పారట. తాతయ్య తీసి ఇస్తూ, "మంచి కితాబు బిడ్డా, బెజవాడ పెద్దమనిషి రాసిండు, నీ పని అయితది" అన్నాడు. ఆ మాట నేను చెవులారా విన్నాను. ఆయన ఆ పుస్తకంలో ఒక్క పేజీ కూడా చదివి ఉండలేదు. అట్ట తుడిచి ఇచ్చాడు, అంతే.

అక్క కుట్టుమిషన్ అమ్మేసింది. పల్లినూనె, కాస్టిక్ సోడా, చెక్క అచ్చులు తెచ్చుకుంది. మా ప్రాంతంలో పండేది వేరుశెనగ, దొరికేది పల్లినూనె. పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది, కొబ్బరి నూనె గాని, ఏ నూనె అయినా సరే అని. సోడా ఎంత వెయ్యాలో ఒకటే లెక్క, అన్ని నూనెలకూ కలిపి. ఆ లెక్క ప్రకారమే వేసింది. వారం తిరిగేసరికి సబ్బుల మీద తెల్లటి బూడిదలాంటిది పేరుకుంది. వీధిలో ఇంటికో ముక్క ఇచ్చింది, వాడి చూడమని. రెండు రోజుల్లో పిల్లల ఒళ్లు ఎర్రగా దద్దుర్లు. చాకలామె ముక్కను తెచ్చి అక్క గుమ్మం ముందు పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ చేసింది, మళ్లీ అంతే. అప్పటికి నూనె చాలావరకు అయిపోయింది, వంటింట్లో రెండు గిన్నెలకు బొక్కలు పడ్డాయి, బావగారి నుంచి ఈ అమావాస్య దాటగానే వచ్చి తీసుకుపోతానని కబురొచ్చింది. అమావాస్యకు పది రోజులుంది.

ఒక మధ్యాహ్నం ఆమె దుకాణానికి వచ్చింది. చేతులు కొంగులో దాచుకుంది. పుస్తకం వాపసు తీసుకోమని అడుగుతుందేమోనని తాతయ్య మొహం చిట్లించుకున్నాడు. ఆమె పుస్తకాన్ని కొంగుతోనే పట్టుకుని ఆయన ముందు పెట్టి, "పదకొండుసార్లు సదివిన తాతా. గల్తీ ఏడ చేసిన్నో నాకు సమజయితలేదు. పుస్తకంల అంతా సరిగ్గనే ఉంటది, నేనే ఏదో సరిగ్గ సదవలేదు. నువ్వు జెర చూసి చెప్పు" అంది.

పేజీ తిప్పడానికి చెయ్యి బయటికి తీసినప్పుడు చూశాం. వేళ్ల సందుల్లో తోలు ఊడిపోయి పచ్చిగా ఉంది. గోళ్ల చుట్టూ నల్లగా పగుళ్లు. చూసి చెప్తానని తాతయ్య పుస్తకం ఉంచేసుకున్నాడు. ఆమె వెళ్లాక గల్లా పక్కన కూర్చుని ఆ నాలుగు పేజీలూ వేలు పెట్టి చదివాడు, దుకాణం పెట్టాక బహుశా మొదటిసారి.

ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని గానుగ ముసలాయన దగ్గరికి వెళ్లాడు. ఆయన ఒకప్పుడు హైదరాబాదు సబ్బులవాళ్లకు మడ్డినూనె పంపినవాడు. తాతయ్య ఆ వాక్యం చదివి వినిపించాడు, ఏ నూనె అయినా సరే అని. ముసలాయన బీడీ పక్కన పెట్టి పడీపడీ నవ్వాడు. "కొబ్బరి నూనె తాగినంత సోడ పల్లినూనె తాగదు శెట్టీ. తాగంగ మిగిలింది మనిషి తోలు తింటది. మా గానుగెద్దుకు గూడ ఎరుకే గీ ముచ్చట" అన్నాడు. ఎంత తక్కువ వెయ్యాలని తాతయ్య అడిగాడు. అది మాత్రం ఆయనకూ తెలియదు. నూనె అమ్మడమే గానీ సబ్బు తానెన్నడూ వండలేదని ఒప్పుకున్నాడు. తెలియనిది తెలియదని చెప్పిన మనిషిని ఆ కథలో నేను మొదటిసారి చూసింది అక్కడే.

గ్రంథకర్తగారు నాలుగో రోజున మా ఊరికి రావాల్సి ఉంది. కొత్త పుస్తకం వేసుకుని ఊరూరా తిరుగుతున్నాడు. తెలుగు బడిలో సన్మానం, పూలదండ, శాలువా అన్నీ తాతయ్యే ముందుగా ఏర్పాటు చేశాడు. వాటిలో ఏదీ రద్దు చెయ్యలేదు. పైగా మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికే పిలిచాడు, హెడ్మాస్టరుగారిని, గాజు కిటికీల పత్తి వ్యాపారిని కూడా పిలిచాడు. తాతయ్య భార్య, మా అవ్వకు, వంటలో సాయంగా ఉండమని అక్కను రమ్మన్నాడు. నన్ను పక్కకు పిలిచి, "చేతులు కడుక్కునేటప్పుడు సబ్బు ఆయనకొక్కనికే ఇయ్యి. తక్కినోళ్లకు శెనగపిండి పెట్టు" అన్నాడు. మా ఇంట్లో అతిథి చేతుల మీద చెంబుతో నీళ్లు పొయ్యడం పిల్లల పని, ఆ రోజు అది నాది.

గ్రంథకర్తగారు ఫోటోలో ఉన్నట్టే ఉన్నాడు, కాకపోతే కొంచెం లావు. భోజనం చేస్తున్నంతసేపూ మాట్లాడాడు. ఈ ప్రాంతపు జనానికి వ్యాపార దృష్టి లేదని, చరిత్ర స్పృహ లేదని, ఇల్లు కట్టుకోవడం కూడా రాదని. మధ్యమధ్య నేతి ఓలిగలు, అంటే బొబ్బట్లు, వడ్డించమనేవాడు. అవ్వ చేసిన ఎణ్ణెగాయి వంకాయ కూర బాగుందని, దాని విధానం చెబితే తర్వాతి పుస్తకంలో వేస్తానని అన్నాడు. అవ్వ చెప్పలేదు. ఆమెకు మనుషుల పట్ల అంచనా మా అందరికంటే త్వరగా కుదిరేది.

చెయ్యి కడుక్కోవడానికి పెరటి గట్టు మీదికి వచ్చాడు. నేతి చెయ్యి కదా, ఇచ్చిన సబ్బును గట్టిగా, రెండు చేతులకూ మోచేతి దాకా రుద్దుకున్నాడు. నేను నీళ్లు సన్నగా పోశాను. కాసేపటికి చేతులు ఒకదానికొకటి రాసుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత విదిలించాడు. తర్వాత ఊదుకున్నాడు.

"ఇదేం సబ్బండీ శెట్టిగారూ, చెయ్యి భగ్గుమంటోంది. ఇలాంటిది తయారుచేసేవాణ్ణి జైల్లో పెట్టించాలి" అన్నాడు. హెడ్మాస్టరుగారు పాపం తల ఊపాడు. అవ్వ ముందే సిద్ధం చేసిపెట్టిన మజ్జిగ గిన్నె తెచ్చి ఆయన చేతులు అందులో ముంచమంది. ఆయన ముంచి కూర్చున్నాక తాతయ్య మొలలోంచి పుస్తకం తీసి, ఆ నాలుగు పేజీలూ ఒక్క అక్షరం వదలకుండా పైకి చదివాడు. ఏ నూనె అయినా సరే అన్నచోట ఆగి, మళ్లీ ఒకసారి చదివాడు. "తమరు సెప్పినట్టే, తమరి లెక్కతోనే చేసిన సబ్బు అయ్యగారూ. జైల్ల ఎవరిని పెట్టాలెనో తమరే సెలవియ్యున్రి" అన్నాడు.

ఆయన మొహం మాడిపోతుందని నేను అనుకున్నాను. అంత సిగ్గున్నవాడు కాదు. నవ్వాడు. ఆడవాళ్లెవరో సరిగ్గా చదవకుండా చేసి ఉంటారని, శాస్త్రీయమైన పుస్తకం చదవడానికి కాస్త సంస్కారం ఉండాలని, వేలమంది చదివినా ఇలాంటి ఫిర్యాదు ఎప్పుడూ రాలేదని అన్నాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. ఆమె తల నెమ్మదిగా కిందికి వాలింది. ఆ మాట ఆమె నమ్మింది. నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోయేది అక్కడే, ఆ మాట ఆమె నమ్మింది.

తాతయ్య మాత్రం ఇంకా మర్యాదగానే ఉన్నాడు. అయితే తమరే చేసి చూపిస్తే మా ఊరివాళ్లం చూసి నేర్చుకుంటామన్నాడు. పెరట్లో బాదంచెట్టు కింద పల్లినూనె, సోడా, నీళ్లు, తరాజు, మట్టిచట్టి, అల్యూమినియం సిల్వర్ గిన్నె అన్నీ అమర్చి ఉన్నాయి. నలుగురి ముందు కాదనలేక ఆయన కండువా సర్దుకుని లేచాడు. నూనె డబ్బా అటూ ఇటూ కదిపాడు. సోడా పొట్లం విప్పి వాసన చూశాడు, చూసి దగ్గాడు. తర్వాత నీళ్లు సిల్వర్ గిన్నెలో పోసి, సోడా అందులో కుమ్మరించబోయాడు.

"సిల్వర్ గిన్నెల వెయ్యకున్రి అయ్యగారూ, పొంగి మీద పడ్తది. చట్టి తీసుకోన్రి" అంది అక్క. అంది కాదు, అరిచింది. గుమ్మం దిగి పరుగున వచ్చి గిన్నె లాగేసింది.

లోహపాత్ర అని పుస్తకంలో రాశానే అన్నాడాయన, అప్పటికీ.

"గందుకే నాయి రెండు గిన్నెలు బొక్కలు పడ్డయి" అంది ఆమె.

ఆయన పొట్లం కింద పెట్టి, గుంతకల్లు బండికి వేళవుతోందన్నాడు. బండి సాయంత్రానికి. స్టేషను మా ఇంటికి నడిచిపోయేంత దూరం. ఎవరూ ఆ మాట గుర్తు చెయ్యలేదు, ఉండమనీ అనలేదు. సన్మానం దాకా ఆగలేదు గానీ దాని శాలువా మాత్రం మరిచిపోకుండా అడిగి తీసుకున్నాడు.

ఆయన వీధి మలుపు తిరిగాక తాతయ్య చేసిన పని నాకు కళ్లకు కట్టినట్టుంది. అరవై దాటిన మనిషి, బజారులో పేరున్నవాడు, హెడ్మాస్టరు ముందు, పత్తి వ్యాపారి ముందు, అక్కకు ఎదురుగా చేతులు జోడించి నిలబడ్డాడు. "గల్తీ నీది గాదు బిడ్డా. నీ సదువుల ఏ కొరతా లేదు. కితాబే తప్పు. సదవకుంటనే మంచిదని నీ చేతుల పెట్టినోన్ని నేను. వాడు దొంగైతే వాని దుకాణం నేను" అన్నాడు. గ్రంథకర్తను చీదరించుకున్నదానికంటే తనను తాను ఎక్కువ చీదరించుకుంటున్నాడని నాకా వయసులో కూడా అర్థమైంది.

అక్క ఏడుస్తుందనుకున్నాం. ఆమె తలెత్తి, "మరి సోడ ఎంత వెయ్యాలె తాతా?" అని అడిగింది.

ఎవరికీ తెలియదు. హెడ్మాస్టరుకు తెలియదు, తాతయ్యకు తెలియదు, గానుగ ముసలాయనకు తక్కువని తెలుసు గానీ ఎంత తక్కువో తెలియదు. మా ఊరు మొత్తంలో ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు. అమావాస్యకు ఆరు రోజులుంది. నూనె ఒక్కసారికి సరిపోయేంత మిగిలింది.

ఒక్కసారికే అయితే తప్పు జరిగితే ఇంక మస్కి బస్సే. అక్క ఆ రాత్రంతా ఏం ఆలోచించిందో నాకు తెలియదు. తెల్లారి మా ఇంటికొచ్చి తరాజు అడిగింది. ఉన్న నూనెను నాలుగు చిన్న చట్లలో సమంగా పోసింది. మొదటి చట్టిలో సోడా పుస్తకం చెప్పినంత. రెండోదానిలో అందులో అరపాతిక తక్కువ. మూడోదానిలో పాతిక తక్కువ. నాలుగోదానిలో మూడో వంతు తక్కువ. చట్ల మీద బొగ్గుతో గీతలు పెట్టింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు. గుడ్డ చుట్టుకున్న చేతులతో ఒక్కో చట్టినీ కట్టెతో కలుపుతుంటే నేను పాపను ఆడిస్తూ చూస్తూ కూర్చున్నాను. ఇట్లా చెయ్యమని ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ గ్రంథకర్తకు జన్మలో తోచని పని అది.

ఐదో రోజు పొద్దున పరీక్ష. సబ్బు అంచు నాలుక కొసకు తాకించి చూడాలని గానుగ ముసలాయన చెప్పి పంపాడు, సోడా మిగిలి ఉంటే చురుక్కుమంటుందట. అక్క తాకించింది, నాకూ తాకించమంది, తన నాలుక మీద తనకు నమ్మకం పోయిందని. మొదటిది నాలుక కాల్చేసింది, రెండు రోజులు నేను కారం తినలేదు. రెండోది కూడా కొరికింది. నాలుగోది జిడ్డుగా, వేలు పెడితే దిగబడిపోయింది. మూడోది ఏమీ చెయ్యలేదు. ఇంకోసారి తాకించాను. ఉప్పగా, చప్పగా, అసహ్యంగా ఉంది, కొరకలేదు. ఏమే అని అడిగింది అక్క. కొరకతలేదు అన్నాను. ఆమె అక్కడే గోడకు ఆనుకుని కూలబడి, నవ్వుతూ ఏడ్చింది.

బావగారు అమావాస్య మర్నాడు మధ్యాహ్నం బస్సులో వచ్చాడు. పెట్టె సర్ది లేదు. గిదేం బతుకు, ఆడదానివి ఒక్కదానివి, అని వసారాలో కూర్చుని గట్టిగానే అన్నాడు, వీధికి వినబడేలా. బతుకేలే బావా, అని అక్క చెంబుతో నీళ్లు, మూడో చట్టి సబ్బు ముక్క ముందు పెట్టింది. ఆయన కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. టీ తాగి, ఒక ముక్క రుమాల్లో మూటగట్టుకుని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆమె ఎక్కడికీ వెళ్లలేదు. బట్టల సబ్బు చేసి యరగేర, చంద్రబండ దాకా పంపింది. కూతుర్ని తన గుమ్మంలోంచే బడికి పంపింది.

దుకాణంలో ఆ పుస్తకం ప్రతులు ముప్పై దాకా మిగిలాయి. తాతయ్య వాటిని తిప్పి పంపలేదు. పంపితే ఇంకో ఊళ్లో ఇంకొకరికి అమ్ముతారన్నాడు. అక్కను కూర్చోబెట్టి, ఆమె చెబుతుంటే ప్రతి పుస్తకంలోనూ ఆ పేజీ అంచున నా చేత సిరాతో రాయించాడు. ఈ లెక్క కొబ్బరి నూనెకు మాత్రమే. పల్లినూనెకు ఇందులో ముప్పాతిక వెయ్యాలి. మట్టిపాత్రలోనే చెయ్యాలి. నాలుకకు తాకించి చూడాలి. ముప్పైసార్లు రాశాను. అదే విషయాన్ని ఒక కార్డు మీద రాయించి గ్రంథకర్తగారికి పోస్టు చేశాడు, మళ్లీ అచ్చు వేసేటప్పుడు దిద్దుకోమని, ఇది ఫలానా ఆడబిడ్డ చేతులు కాల్చుకుని కనిపెట్టిందని. జవాబు రాలేదు. ఆ రోజు నుంచి, చేసి చూడదగ్గ పుస్తకం ఏదైనా ఎవరో ఒకరు చేసి చూశాకే తాతయ్య బయట పెట్టేవాడు. దానివల్ల అమ్మకాలు పడిపోయాయి, ఆయన లెక్క చెయ్యలేదు.

మూడేళ్లకు పార్సిల్లో ఆ పుస్తకం కొత్త కూర్పు వచ్చింది. కొత్త అట్ట, పాత ఫోటో. నేను గబగబా ఆ పేజీ తీశాను. పల్లినూనెకు ముప్పాతిక. మట్టిపాత్ర. నాలుక పరీక్ష. మా వాక్యాలు, నేను రాసిన వరసలోనే. కింద చిన్న అక్షరాల్లో ఒక మాట, ఈ వివరాలు రచయిత స్వయంగా అనేక ప్రయోగాలు చేసి కనుగొన్నవి అని.

కళ్లల్లో నీళ్లు తిరిగాయి నాకు, కోపంతో. పుస్తకం పట్టుకుని అక్క ఇంటికి పరిగెత్తాను. ఆమె తీగతో సబ్బులు కోస్తోంది. ఆయాసపడుతూ అంతా చదివి వినిపించాను, చివరి మాట రెండుసార్లు చదివాను. తాతయ్యతో ఉత్తరం రాయిద్దాం, పేపరులో వేయిద్దాం, ఊరూరా చెబుదాం అన్నాను. అక్క కోత ఆపి, "ముప్పాతిక అనే ఉందా? మల్లొకసారి సదువు" అంది. చదివాను. "అచ్చుల తప్పు పడలేదు గదా?" లేదన్నాను. "అయితే మంచిదే. ఇగ ఎవలికీ దద్దుర్లు రావు" అని మళ్లీ తీగ అందుకుంది.

ఆమె నిజంగానే అంతటితో వదిలేసింది. తర్వాత బతికిన నలభై ఏళ్లలో ఆ పెద్దమనిషి పేరు ఆమె నోట ఒక్కసారి కూడా నేను వినలేదు. అంత గొప్ప మనసు నాకు అబ్బలేదు, అబ్బాలని కోరుకోనూ లేదు. చదివింది అర్థం కాకపోయినా, చేసింది కుదరకపోయినా నన్ను నేను తిట్టుకోవడం మాత్రం తాతయ్య చేతులు జోడించిన రోజునే మానేశాను. మొన్న మంచం పక్కన తల వంచుకుని కూర్చున్న పిల్లాడి గడ్డం పట్టుకుని పైకెత్తి కూడా అదే చెప్పాను, ఆ నవ్వే పెద్దమనుషులను నాలుగు మాటలు తిట్టి మరీ. క్షమించడం అక్క వంతుకు వచ్చింది, ఆమె శుభ్రంగా ఆ పని చేసి వెళ్లిపోయింది. కోపం నా వంతుకు వచ్చింది. ఎవరో ఒకరు దాన్ని ఉంచుకోవాలి కదా, నేను ఉంచుకున్నాను.